ప్రథమ చికిత్స గది: ముందు దారి, తరువాత మనిషి, ఆఖరున సామాను

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. సంగారెడ్డి జిల్లాలో మీది ఫ్యాబ్రికేషన్ యూనిట్. కాంట్రాక్టు కార్మికులతో కలిపి 180 మంది రెండు షిఫ్టులలో కటింగ్, వెల్డింగ్, గ్రైండింగ్, పెయింటింగ్ పనులు చేస్తారు. ఆఫీసు భవనం మొదటి అంతస్తులో ఖాళీగా ఉన్న గదిని ప్రథమ చికిత్సకు వాడుకోమని యాజమాన్యం చెప్పి, లక్షన్నర రూపాయలు కేటాయించింది. ఈ గది చట్టప్రకారం తప్పనిసరా, ఎంత పెద్దదిగా ఉండాలి, ఏమేమి కొనాలి, నర్సును పెట్టుకోవాలా అని అడిగారు.

నేను స్టాఫ్ నర్సును. 22 ఏళ్లు కర్మాగారాల ఆరోగ్య కేంద్రాలలోనే పనిచేశాను. అందులో రెండు గదులను సున్నం వేయని గోడల దశ నుంచి నేనే సిద్ధం చేయించాను. మొదటి గదిలో చేసిన తప్పులు రెండవ గదిలో చేయలేదు కాబట్టి, ఇక్కడ రాసేది ఎక్కువగా ఆ మొదటి గది నేర్పినదే.

సూటిగా సమాధానం: గది తప్పకుండా పెట్టండి, కానీ మొదటి అంతస్తులో వద్దు. నేల అంతస్తులో, షెడ్డుకూ గేటుకూ మధ్య, వాహనం గుమ్మం దాకా వచ్చే చోట కనీసం 15 చదరపు మీటర్ల గది చూసుకోండి. ప్రతి షిఫ్టులోనూ శిక్షణ పొందిన మనిషి ఒకరు ఆ గది బాధ్యతలో ఉండే ఏర్పాటు చేయండి. ఈ రెండూ కుదిరిన తరువాతనే కొనుగోళ్ల జాబితా తెరవండి. చాలా సంస్థలు ఈ వరుసను తలకిందులుగా చేసి, ముందు మంచమూ బీరువా కొని, తరువాత వాటిని ఎక్కడ పెట్టాలా అని వెతుకుతాయి.

ఇక చట్టం సంగతి. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, ఒకేసారి పనిలో ఉండే ప్రతి 150 మందికి ఒకటికి తక్కువ కాకుండా ప్రథమ చికిత్స పెట్టెలు పెట్టవలసి ఉండేది. ఒక్కొక్క పెట్టెకు సర్టిఫికెట్ ఉన్న బాధ్యుడిని పెట్టి, ఆయన పనివేళలంతటా అందుబాటులో ఉండేలా చూడవలసి ఉండేది. 500 మందికి మించి పనిచేసే చోట మాత్రమే అంబులెన్స్ రూమ్, అంటే సిబ్బందితో నడిచే చికిత్స గది, తప్పనిసరిగా ఉండేది. రాష్ట్రాల ఫ్యాక్టరీ నియమాలలో దానికి సాధారణంగా కనిపించే కొలత 24 చదరపు మీటర్లు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా ఆ 500 సంఖ్యనే నిలిపి, కర్మాగారాలతో పాటు గనులకూ భవన నిర్మాణ పనులకూ దాన్ని వర్తింపజేసింది. ఈ లెక్కన మీ 180 మందికి గది తప్పనిసరి కాదని ఎవరైనా చెప్పవచ్చు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఫ్యాక్టరీల చట్టం మొదటి షెడ్యూలులో ప్రమాదకర ప్రక్రియలు ఉండే 29 రకాల పరిశ్రమల జాబితా ఇచ్చారు. అందులో రసాయనాలు, ఫౌండ్రీలతో పాటు లోహాల గ్రైండింగ్ కూడా ఉంది. ఆ వర్గంలోకి వచ్చే కర్మాగారంలో 51 నుంచి 200 మంది వరకు ఉంటే, రాష్ట్రాలు అనుసరించడానికి తయారైన నమూనా నియమాలు కనీసం 15 చదరపు మీటర్ల గదితో ఆరోగ్య కేంద్రాన్ని, పార్ట్‌టైమ్ ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసరును, పనివేళలంతటా కట్లు కట్టి మందులిచ్చే ఒక డ్రెస్సర్ కమ్ కాంపౌండరును కోరుతాయి. నేను పైన 15 అని చెప్పింది అందుకే. మీ యూనిట్‌ను ఏ వర్గంలో లెక్కిస్తున్నారో మీ ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరును ముందుగానే లిఖితపూర్వకంగా అడగండి. గది కట్టిన తరువాత తనిఖీలో తెలుసుకోవడం కంటే అది చవక.

మొదటి అంతస్తు ఎందుకు వద్దంటున్నానో ఒక అనుభవం చెబుతాను. నా మొదటి గది పరిపాలన భవనంలో పై అంతస్తున ఉండేది. చల్లగా, శుభ్రంగా, చూడముచ్చటగా ఉండేది, సందర్శకులకు చూపించేవారు కూడా. ఒక వేసవిలో పెయింటింగ్ విభాగంలో స్పృహ తప్పిన భారీకాయుడిని నలుగురు స్ట్రెచర్ మీద తెచ్చారు. మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరగలేదు. తిప్పబోతే మనిషి జారిపోతున్నాడు. చివరికి దుప్పటిలో చుట్టి, చేతుల మీద మోసుకొచ్చారు. పదిహేను నిమిషాల తరువాత 108 వాహనం వచ్చినప్పుడు, అదే మనిషిని అదే మలుపు గుండా కిందికి దించాల్సి వచ్చింది. ఆ రోజు ఆయనకు ప్రాణాపాయం తప్పింది. నెల తిరగకముందే గదిని కింద స్టోర్స్ పక్కకు మార్చారు.

కాబట్టి గదిని ఎంచుకునేటప్పుడు టేపుతో పాటు స్ట్రెచర్ కూడా తీసుకువెళ్లండి. మీ దగ్గర బరువైన మనిషిని దానిమీద పడుకోబెట్టి, షెడ్డులో అన్నిటికంటే దూరంగా ఉన్న బే (పని విభాగం) నుంచి గది దాకా, అక్కడి నుంచి గేటు దాకా మోయించి చూడండి. ఎక్కడ ప్యాలెట్లు అడ్డు వస్తున్నాయో, ఏ గుమ్మం ఇరుకో, ఏ చోట గడప తగులుతుందో మీకే తెలుస్తుంది. తలుపు రెండు రెక్కలది అయితే మంచిది, బయటికి తెరుచుకుంటే ఇంకా మంచిది. లోపల స్పృహ తప్పి తలుపుకు అడ్డంగా పడిపోయినవారిని బయటకు తీయడానికి లోపలికి తెరుచుకునే తలుపు పెద్ద ఆటంకం. ర్యాంపు లేకుండా ఒక్క మెట్టున్నా వీల్‌చైరు ఆగిపోతుంది.

ఇప్పుడు గది పెట్టే ప్రతివారికీ నేను ముందుగా చెప్పే మాట. గది వల్ల కూడా ఒక ప్రమాదం ఉంది: దెబ్బ తగిలిన మనిషిని దెబ్బ తగిలిన చోటే చూడవలసింది పోయి, అందరూ గదికి మోసుకుపోవడం మొదలుపెడతారు. ఒక కర్మాగారంలో వెల్డింగ్ కేబుల్ ఇన్సులేషన్ ఊడి ఒక యువకుడికి షాక్ కొట్టింది. తోటివారు మెయిన్ ఆఫ్ చేసి అతన్ని తప్పించారు, అంతవరకు సరిగ్గానే చేశారు. కానీ ఊపిరి ఆగిన మనిషిని భుజాన వేసుకుని దాదాపు రెండు వందల మీటర్ల దూరంలో ఉన్న నా గదికి పరుగెత్తుకొచ్చారు. నేను ఛాతీ నొక్కడం మొదలుపెట్టే సరికి విలువైన నిమిషాలు పోయాయి. అతను బతకలేదు. అక్కడే మొదలుపెట్టి ఉంటే తప్పకుండా బతికేవాడని నేను చెప్పలేను, కానీ ఆ అవకాశం అతనికి దక్కలేదని మాత్రం చెప్పగలను.

అందువల్ల గది తెరిచిన మొదటి వారంలోనే, గదికి తీసుకురాకూడని సందర్భాలేమిటో షాపు ఫ్లోర్ మీద అందరికీ చెప్పాలి. పిలిచినా పలకక, మామూలుగా ఊపిరి తీసుకోని మనిషికి పడిన చోటే ఛాతీ నొక్కడం మొదలుకావాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, శిక్షణ ఉన్నవారైతే 30 నొక్కులకు 2 శ్వాసలు. ధారగా రక్తం కారుతుంటే అక్కడే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టాలి. కాలిన గాయం మీద దగ్గరలోని కుళాయి నీటిని 20 నిమిషాలు పోయాలి. కంట్లో థిన్నరు గాని ఆమ్లం గాని పడితే ఆ పక్కనే ఉన్న ఐవాష్ (కళ్లు కడిగే కుళాయి) దగ్గర కనీసం 15 నిమిషాలు కడగాలి. ఎత్తు నుంచి పడి మెడా వెన్నూ నొప్పి అంటున్నవారిని, చుట్టూ మంటల వంటి ప్రమాదం లేకపోతే, కదిలించకూడదు. వీటన్నిటిలో గదిలోని మనిషే సంచి పట్టుకుని అక్కడికి పరుగెత్తాలి. కాబట్టి గదిలో మొదట సిద్ధం చేయవలసిన వస్తువు మంచం కాదు, భుజాన వేసుకుని పరుగెత్తగలిగే సంచి.

ఐవాష్ మాట వచ్చింది కాబట్టి మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక ఇబ్బంది చెప్పాలి. చాలాచోట్ల ఐవాష్‌కు నీరు షెడ్డు మీది నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు నుంచే వస్తుంది. మే నెల మధ్యాహ్నం ఆ నీటిని చేతిమీద పోసుకుని చూడండి, కంటికి కాదు కదా కాలికి కూడా ఓర్చుకోలేరు. అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం ప్రకారం ఆ నీరు 16 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి, ప్రమాదకర ద్రవం వాడే చోటు నుంచి పది సెకన్లలో అక్కడికి చేరగలగాలి. మేము ట్యాంకును నీడలోకి మార్చి, పైపుకు ఇన్సులేషన్ చుట్టించి, రోజూ ఉదయం రెండు నిమిషాలు నీటిని వదిలేసే పద్ధతి పెట్టుకున్నాం. పైపులోని తుప్పు నీరు కూడా దానితో పోతుంది.

గది లోపలి విషయానికి వస్తే, గోడలూ నేలా నున్నగా, కడగడానికి వీలుగా ఉండాలి. నడుము ఎత్తు దాకా టైల్స్ వేయిస్తే చాలు. మోచేతితో తిప్పే కుళాయి ఉన్న సింకు, సబ్బు, గదికి ఆనుకునే మరుగుదొడ్డి, ఇన్వర్టరు మీద వెలిగే మంచి దీపం, ఒక ఫోను కావాలి. పడక విషయంలో అందరూ చేసే పొరపాటు గోడకు ఆనించి ఇనుప మంచం వేయడం. ఎత్తుగా ఉండే ఎగ్జామినేషన్ కౌచ్ కొని, మూడు వైపులా మనిషి నిలబడేలా గది మధ్యకు జరపండి. దాని చుట్టూ కర్టెను తప్పనిసరి. నెలసరి నొప్పితో వచ్చిన ఆడపిల్ల పది నిమిషాలు పడుకోవడానికి, గుమ్మంలో నిలబడ్డ మేస్త్రీ చూపు అడ్డు కాకూడదు. శానిటరీ ప్యాడ్లను సామాన్ల జాబితాలో మొదటి రోజే చేర్చండి. అడిగితే ఇవ్వడం కాదు, తీసుకోవడానికి వీలుగా పెట్టండి.

సామాను దుకాణాలు అమ్మే రెడీమేడ్ జాబితాలు మీ ప్రమాదాలను చూసి తయారైనవి కావు. మీది ఇనుము పని కాబట్టి మీకు ఎక్కువగా వచ్చేవి చేతి కోతలు, కంట్లో పడే ఇనుప రజను, కాలిన గాయాలు, నలిగిన వేళ్లు, వేసవిలో వడదెబ్బ. దానికి తగ్గట్టు స్టెరైల్ గాజ్, రకరకాల వెడల్పుల రోలర్ కట్లు, త్రికోణపు కట్లు, క్రేప్ బ్యాండేజీ, స్ప్లింట్లు, గాయాలు కడగడానికి సెలైన్ సీసాలు, పోవిడోన్ అయోడిన్, బట్టలు కత్తిరించే మొద్దుమొన కత్తెర, నైట్రైల్ గ్లవ్స్ దండిగా పెట్టుకోండి. దూదిని నేరుగా గాయం మీద పెట్టకండి, పోగులు అతుక్కుపోతాయి. బీపీ మిషను, థర్మామీటరు, పల్స్ ఆక్సీమీటరు, గ్లూకోమీటరు కావాలి. గ్లూకోమీటరు స్ట్రిప్పులకు గడువు తేదీ ఉంటుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. శనివారం ఉపవాసం, రంజాన్ రోజా, దీక్షలో ఒంటిపూట భోజనం, ఇవన్నీ మన షెడ్లలో మామూలే. మధుమేహానికి మందు వేసుకుని తిండి మానినవాడు చెమటలు పట్టి తడబడుతుంటే, అది తాగిన మత్తు అనుకుని బయటికి పంపించిన సూపర్‌వైజరును నేను చూశాను. స్పృహలో ఉంటే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు.

ఆక్సిజన్ సిలిండరు పెట్టాలంటే, బీ టైపు సిలిండరులో దాదాపు 1,500 లీటర్లు పడుతుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున వాడితే రెండున్నర గంటలు వస్తుంది. దాన్ని గోడకు గొలుసుతో కట్టండి, తెరిచే తాళపుచెవిని సిలిండరుకే గొలుసుతో కట్టండి. నిండు సిలిండరు ఉండి తాళపుచెవి దొరకని గదులు నేను ఒకటి కంటే ఎక్కువే చూశాను. మీ షెడ్డులో నూనె, గ్రీజు అంటిన చేతులు ఎక్కువ. ఆ చేతులతో ఆక్సిజన్ వాల్వు ముట్టుకోకూడదని పెద్ద అక్షరాలతో రాయించండి, జిడ్డూ ఆక్సిజనూ కలిస్తే నిప్పు పుడుతుంది. వెల్డింగ్‌కు వాడే పారిశ్రామిక ఆక్సిజన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ మనిషికి పెట్టవద్దు.

ఐసు దొరికే ఏర్పాటు గురించి ఎవరూ ఆలోచించరు. రేకుల షెడ్డు కింద, బయట 44 డిగ్రీలున్న రోజున, మనిషి ఒళ్లు కాలిపోతూ మాటలు తడబడుతుంటే అది వడదెబ్బ. అప్పుడు పారాసిటమాల్ పనికిరాదు. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, ఫ్యాను గాలి తగిలిస్తూ, మెడకూ చంకలకూ గజ్జలకూ ఐసు మూటలు పెట్టాలి. చల్లబరచడం మొదలుపెట్టిన తరువాతే ఆసుపత్రి ప్రయాణం. అందుకని చిన్న ఫ్రిజ్ ఒకటి కొనమంటాను. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా వేసవికి ముందే నిల్వ చేయండి. పెద్ద ప్యాకెట్టు మొత్తాన్ని లీటరు నీటిలో కలపాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున కలిపి వారమంతా నడిపించే పొదుపు వద్దు.

గదిలో ఉండకూడనివి కూడా ఉన్నాయి. ప్రథమ చికిత్స పెట్టెలో నిర్దేశించిన వస్తువులు తప్ప మరేమీ ఉంచకూడదని పాత చట్టం 45వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. నేను తెరిచిన పెట్టెలలో గేట్ పాసులు, గుట్కా ప్యాకెట్లు, ఒకసారి వినాయక చవితి చందా డబ్బు దొరికాయి. గదిదీ అదే కథ: మూడు నెలలు ఖాళీగా కనిపిస్తే పాత ఫైళ్లు వస్తాయి, ఆరు నెలలకు పాడైన ప్రింటరు వస్తుంది. అలాగే పసుపు, కాఫీపొడి, టూత్‌పేస్టు, ఇంకు. ఇవి మన ఇళ్లలో గాయాలకూ కాలినచోట్లకూ తరతరాలుగా వాడుతున్నవే, కానీ ఆసుపత్రిలో గాయం కడిగే డాక్టరుకు వాటిని గీకి తీయడమే మొదటి పని అవుతుంది. మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళాలగుత్తి పెట్టడం కూడా మాన్పించండి. చుట్టూ ఉన్న వస్తువులు జరిపి, కొట్టుకోవడం ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవాలి.

కంటి రజను గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే గ్రైండింగ్ ఉన్న చోట గదికి వచ్చేవారిలో ఎక్కువమంది దీనితోనే వస్తారు. ప్రతి షెడ్డులోనూ రజను తీయడంలో చెయ్యి తిరిగినవాడని పేరున్న పాత కార్మికుడు ఒకడు ఉంటాడు. గుడ్డ కొసతోనో, అగ్గిపుల్ల చివరతోనో తీసేస్తాడు. పది మందికి బాగానే తీస్తాడు, పదకొండవవాడికి నల్లగుడ్డు గీసుకుపోతుంది. గదిలో చేయవలసింది సెలైన్‌తో కడగడం మాత్రమే. కడిగినా పోకపోతే, లేదా గుచ్చుకున్నట్టు కనిపిస్తే, రుద్దకుండా, కంటిమీద ఒత్తిడి పడకుండా కాగితపు కప్పు బోర్లించి, కంటి ఆసుపత్రికి పంపాలి. వెల్డింగ్ వెలుగు కొట్టిన నొప్పి పనిలో ఉండగా తెలియదు, కొన్ని గంటల తరువాత ఇంటి దగ్గర అర్ధరాత్రి మొదలవుతుంది. అప్పుడు పాలు పోసుకోవడం, మందుల షాపులో మొద్దుబార్చే చుక్కలు అడిగి తెచ్చుకోవడం రెండూ హానికరమే. ఈ సంగతి షిఫ్టు దిగేటప్పుడే చెప్పి పంపాలి.

ఇక మనిషి సంగతి. నర్సు కావాలా అని అడిగారు. మీరు ప్రమాదకర వర్గంలోకి వస్తే పైన చెప్పిన సిబ్బంది తప్పదు. రాకపోయినా, మీ స్థాయికి నా సలహా ఇది: పగటి షిఫ్టుకు అర్హత ఉన్న నర్సు లేదా డ్రెస్సరు ఒకరు, ప్రతి షిఫ్టుకూ ప్రథమ చికిత్స శిక్షణ ఇచ్చే సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థ సర్టిఫికెట్ ఉన్న ప్రథమ చికిత్సకులు కనీసం నలుగురు, వారానికి రెండుసార్లు వచ్చి చూసే డాక్టరు ఒకరు. పారిశ్రామిక ఆరోగ్యంలో ఏఎఫ్ఐహెచ్ అనే కోర్సు చేసిన డాక్టరు దొరికితే మరీ మంచిది. నలుగురు ఎందుకంటే ఒకరు సెలవులో, ఒకరు నైట్ ఆఫ్‌లో ఉన్నా ఇద్దరు మిగలాలి. వారిని ఆఫీసు నుంచి కాక వేర్వేరు బేల నుంచి ఎంచుకోండి. ప్రథమ చికిత్స పెట్టెలు కూడా లెక్క ప్రకారం ఒకటి సరిపోయినా బేకు ఒకటి పెట్టండి.

తాళం విషయం చిన్నదిగా అనిపిస్తుంది. ఒకచోట రాత్రి షిఫ్టులో రేకులు కత్తిరించే షియరింగ్ మిషన్ దగ్గర ఒక అబ్బాయి అరచేయి తెగింది. గదికి తాళం, తాళపుచెవి హెచ్ఆర్ వారి డ్రాయరులో, డ్రాయరుకు మళ్లీ తాళం. కుర్రాళ్లు రాడ్డుతో గది తాళం పగలగొట్టారు. మర్నాడు తాళం పగలగొట్టినందుకు సంజాయిషీ అడిగారే తప్ప తాళం ఎందుకు వేశారని ఎవరూ అడగలేదు. మందుల బీరువాకు తాళం ఉండాలి, గదికి ఉండకూడదు. సామాను పోతుందన్న భయం ఉంటే గది ముందు కెమెరా పెట్టండి.

మాత్రల గురించి హద్దు గీసుకోవాలి. గది తెరిచిన నెలలోపే అది గ్యాస్ మాత్ర, తలనొప్పి మాత్ర పంచే కౌంటరుగా మారుతుంది. డాక్టరు సంతకంతో లిఖిత సూచనలు ఉన్న రెండు మూడు మామూలు మందులు తప్ప మరేమీ ఇవ్వకూడదు. యాంటీబయాటిక్కులు, నొప్పి ఇంజెక్షన్లు ఎంత అడిగినా వద్దు. ఛాతీలో నొప్పి అన్న యాభై ఏళ్ల మనిషికి గ్యాస్ మాత్ర ఇచ్చి అరగంట కూర్చోబెట్టడం కంటే పెద్ద పొరపాటు ఈ గదులలో జరగదు. అలాంటివారిని నడిపించకుండా నేరుగా గుండె వైద్యం ఉన్న ఆసుపత్రికి పంపాలి.

గది బాగా నడుస్తోందో లేదో రిజిస్టరు చెబుతుంది. తేదీ, సమయం, ఏ బే, ఏ పని చేస్తుండగా, ఏ గాయం, ఏం చేశాం, ఎక్కడికి పంపాం అని ప్రతి చిన్న గీతకూ రాయండి. ప్రమాదం వల్ల 48 గంటలు లేదా అంతకంటే ఎక్కువసేపు పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వవలసి ఉండేది. కార్మికుడికి ఈఎస్ఐ ప్రయోజనాలు రావాలన్నా మొదట అడిగేది ఇలాంటి నమోదునే. కానీ దానికంటే పెద్ద ఉపయోగం వేరే ఉంది. ఒక నెలలో నా దగ్గరికి కంటి రజనుతో తొమ్మిది మంది వచ్చారు. రిజిస్టరు తిరగేస్తే అందులో ఏడుగురు ఒకే బేవారు, ఏడుగురూ మధ్యాహ్నం తరువాతే వచ్చారు. వెళ్లి చూస్తే, ఎండ పెరిగాక పెద్ద పెడెస్టల్ ఫ్యాను వేస్తున్నారు, అది గ్రైండింగ్ రజనును పక్కవారి ముఖాల మీదికి కొడుతోంది. ఫ్యాను స్థానం మార్చి, మధ్యలో తెర కట్టించిన తరువాత నెలలో ఆ బే నుంచి ఒక్కరే వచ్చారు.

రిజిస్టరులో కాంట్రాక్టు కార్మికుల పేర్లు తక్కువగా ఉంటే సంతోషించకండి. వారికి దెబ్బలు తక్కువ తగులుతున్నాయని దాని అర్థం కాదు. గదికి వెళితే ఆ పూట కూలి కోస్తారనో, మర్నాడు రావద్దంటారనో భయపడి గాయానికి గుడ్డ చుట్టుకుని పనిచేస్తుంటారు. గదికి వచ్చిన సమయానికి కూలి కోయకూడదని కాంట్రాక్టు ఒప్పందంలోనే రాయించండి. మీ దగ్గర ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవారు ఉంటే గది బోర్డులు తెలుగు, హిందీ, ఒడియా భాషలలో, బొమ్మలతో పెట్టండి.

గది ఎంత బాగున్నా పెద్ద గాయానికి అది మజిలీ మాత్రమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ మన అదృష్టం. కానీ పారిశ్రామికవాడలలో వాహనం చిక్కుపడేది రోడ్డు మీద కాదు, గేటు వెతకడంలోనూ, గేటు ముందు ఆగిన లారీల మధ్యలోనూ. ఫోను పక్కన మీ ప్లాటు నంబరు, రోడ్డు, గుర్తు, గేటు సంఖ్య చదివి చెప్పగలిగేలా రాసి అతికించండి. ఫోను చేసిన వెంటనే ఒక సెక్యూరిటీ గార్డు మెయిన్ రోడ్డు మలుపులో నిలబడాలి. ఏ గాయానికి ఏ ఆసుపత్రి అన్నది కూడా ముందే తేల్చుకోండి: చేతి శస్త్రచికిత్స, కాలిన గాయాలు, కన్ను, గుండె, ఇవన్నీ ఒకే ఆసుపత్రిలో దొరకవు. వేలు తెగిపడితే తడిపి పిండిన శుభ్రమైన గాజ్‌లో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీటిలో పెట్టి మనిషితో పాటు పంపాలి. వేలును నేరుగా ఐసులో వేస్తే అతికించడానికి పనికిరాకుండా పోవచ్చు.

రక్తం అంటిన గాజ్‌ను మామూలు చెత్తబుట్టలో వేయకండి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం అలాంటివి పసుపు సంచిలోకి, సూదులు గుచ్చుకుపోని తెల్లటి డబ్బాలోకి వెళ్లాలి. మీ ప్రాంతంలోని ఉమ్మడి శుద్ధి కేంద్రంతో ఒప్పందం చేసుకోండి.

చివరిగా మీ లక్షన్నర. అందులో ఏఈడీ, అంటే గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, కొనాలా అని కూడా అడుగుతారు. విద్యుత్ పని ఉన్న మీలాంటి చోట అది నిజంగా ఉపయోగమే, కానీ బడ్జెట్‌లో పెద్ద భాగాన్ని అదే మింగేస్తుంది. నేనైతే మొదటి ఏడాది డబ్బును శిక్షణ, పరుగు సంచి, స్కూప్ స్ట్రెచర్ (రెండుగా విడదీసి మనిషి కిందికి జొనిపేది), వీల్‌చైరు, కౌచ్, ఐవాష్ మరమ్మతు, చిన్న ఫ్రిజ్ మీద పెట్టి, ఏఈడీని రెండవ ఏడాది బడ్జెట్‌లో విడిగా అడుగుతాను. ఛాతీ నొక్కడం తెలిసిన మనుషులు లేని షెడ్డులో ఆ యంత్రం గోడకు వేలాడుతూ ఉంటుంది. ముందుగా మాత్రం, పైన చెప్పిన స్ట్రెచర్ పరీక్షను మీ యాజమాన్యం వారి కళ్ల ముందే, ఆ మొదటి అంతస్తు గదికే చేసి చూపించండి. నేల అంతస్తులో గది కావాలని మీరు విడిగా వాదించనక్కరలేదు.